ఇనుప జాలీ సామి పండుగా, మా నాయనమ్మ యాడాదీ

ఇప్పటి పిల్లలకు యుద్ధమంటే ఫోన్‌లో చూసే వస్తువు. ఆ రోజుల్లో సౌదీ తూర్పు తీరాన, ఖతీఫ్‌కు కూతవేటు దూరంలో, ఒక కంపెనీ కాంపౌండ్‌లో ఏసీలు బాగుచేసుకుంటూ బతికే నాలాంటివాడికి యుద్ధమంటే టేపు. అవును, అంటించే టేపే. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగిందని తెలిసిన మర్నాటి నుంచి విషవాయువు వదులుతారని ఒకటే పుకారు. వాయువంటే గాలి, గాలంటే ఏసీ, ఏసీ అంటే నేను. కనుక రెండు దేశాల తగాదా మొత్తం నా నెత్తిన పడింది. కిటికీ సందులకు, గాలి తిరిగే డక్టు మూతలకు, తలుపుల కింది ఖాళీలకు నేను అంటించిన టేపును సాగదీస్తే జగిత్యాల దాకా వచ్చి, మా ఇంటిని ఇంకో రెండు చుట్లు చుట్టేది (నేను కొంచెం పెంచి చెబుతానని మా ఆవిడ అంటుంది. కొంచెమే).

అయితే నా గుబులు వాయువు గురించి కాదు, మా నాయనమ్మ గురించి. నన్ను పెంచిన మనిషి కిందటి శ్రావణంలో పోయింది. అప్పుడు సెలవు దొరకలేదు. "పోనీ తీ బిడ్డా, యాడాదికన్న రా. నీ చేతి ముద్ద పెట్టనిది ముసల్ది కదలదు, ఇంట్లనే తిరుగుతది" అని మా నాయన క్యాసెట్‌లో మాట నింపి పంపాడు (ఉత్తరం కన్నా క్యాసెట్టే నయం, వెనక మేక అరుపు కూడా వినపడేది). మావైపు యాడాది అంటే, పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, గోడ మీద పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ పస్తుండటం. పిట్ట ముడితే పెద్దమనిషి తృప్తిపడ్డట్టు, ముట్టకపోతే అలిగినట్టు. మా నాయనమ్మ అలిగితే ఎంత సైన్యమైనా దారి మార్చుకుంటుంది. ఆ యాడాది ఇంకో వారం ఉందనగా మా మెయింటెనెన్స్ వాళ్ళకు దేశం దాటే ఎగ్జిట్లు ఆపేశారు. పాస్‌పోర్టేమో నన్ను పనికి తెచ్చుకున్న కఫీల్ బీరువాలో, నాయనమ్మేమో మా ఇంటి దూలం మీద, నేనేమో నిచ్చెన మీద.

అలాంటి సమయంలో డక్టులోంచి పొగ వస్తోందని ఒక ఫిర్యాదు. ఆ కాంపౌండ్‌లో జంట ఇళ్ళకు డక్టు ఒకటే. ఎడమింట్లో పొగ పెడితే కుడింట్లో దగ్గొస్తుంది. కుడింటివాళ్ళు వాయువే వచ్చేసిందనుకుని తడిగుడ్డలు మూతికి కట్టుకుని మంచాల కింద దూరారట. నేను ఎడమింటికి పోయి చూద్దును కదా, తెరలు దించిన హాల్లో కొవ్వొత్తులు, చిన్న గంట, గొలుసులకు వేలాడే ధూపం గిన్నె, వంగి వంగి దండాలు! ఆ ఇల్లు తలపండిన ఒక ఇంగ్లీషు మేడమ్‌ది. బయట చర్చి కట్టుకునే వీలులేని దేశం కనుక శుక్రవారం సెలవునాడు ఆమె హాలే చర్చి. వారమంతా పైపుల ఇంజినీరుగా తిరిగే బట్టతల దొర ఆ రోజు జలతారు వస్త్రం కప్పుకుని ఫాదరైపోయేవాడు. ఫిలిప్పీన్ నర్సులు, సూడాన్ డ్రైవరు, ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో కలిసి ఉంటున్న ఇద్దరు ఇంగ్లీషు పెద్దమనుషులు (వాళ్ళను ఎవరూ ఏమీ అడగకూడదు, అది మేడమ్ కట్టుబాటు), అందరూ పక్కపక్కనే. క్రైస్తవుల ఇల్లని చెప్పారు, లోపల చూస్తే మా వేములవాడ గుడి. ఏమీ అర్థం కాలేదు. నిచ్చెనెక్కి డక్టు మూసి, దిగి, ఎందుకైనా మంచిదని నేనూ ఒక దండం పెట్టాను.

ఆ దండం చూసి వంటింట్లోంచి ఒక నవ్వు వినిపించింది. మేడమ్ ఇంట్లో పనిచేసే భీమవరం అక్కది.

"వచ్చే శుక్రవారం నువ్వూ రారా తమ్ముడూ, పండగ. ఎవరి వంట వాళ్ళు పట్టుకురావాలి. ఏ మతమైనా పర్లేదు, అందర్నీ పిలవమన్నారు మేడమ్‌గారు."

"ఎవల పండుగక్కా?"

"ఒక పునీతుడిదిరా, దేవుడి భక్తుడిది. ఆయన రోజు."

"పుట్టిన దినమా?"

"కాదు, పోయిన రోజు. పునీతులకి పోయిన రోజే చేస్తారు, ఏటేటా."

పోయిన రోజు! ఏటేటా! వంటలతో! నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంగ్లీషువాళ్ళకూ యాడాది ఉందన్నమాట! నా బుర్ర ఏసీ కంప్రెసర్‌లా గుర్రుమని తిరిగింది. మేడమ్ అడిగితే కంపెనీ మేనేజరు కాదనడు. ఈ యాడాదికి నేను పద్ధతిగా వెళ్ళి, పద్ధతిగా ఏడ్చి, ఆమె మనసు కరిగించి, నా ఎగ్జిట్ సంగతి ఆమె చెవిన వేస్తే, వారం తిరక్కుండా జగిత్యాల బస్సులో ఉంటాను.

శుక్రవారం పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. గడ్డం గీయలేదు. తెల్లచొక్కా తొడుక్కుని, నాయనమ్మకు ప్రాణమైన సర్వపిండి రొట్టె స్వయంగా కాల్చి, గుడ్డలో చుట్టుకుని, లోకంలోని దుఃఖమంతా మొహానికి పులుముకుని సాయంత్రం తలుపు తట్టాను. తీసింది మేడమే. ఎర్రటి గౌను, తలలో ఎర్ర పువ్వు. నేను చేయి పట్టుకుని, దారంతా వల్లెవేసుకొచ్చిన మాట అప్పజెప్పాను: "వెరీ సారీ మేడమ్. వెరీ గుడ్ మ్యాన్." ఆమె నన్ను ఎగాదిగా చూసి, ఎందుకో తెలియకపోయినా మర్యాదకు తనూ "వెరీ సారీ" అంది. ఇద్దరం కాసేపు అలా విచారించాం.

లోపల చూస్తే అందరూ ఎరుపే. ఫాదర్ వస్త్రం కూడా ఎరుపే. నవ్వులు, పాటలు. పెరట్లో అక్క కోడిముక్కలు కాలుస్తోంది.

"అక్కా, గిదేం యాడాది? ఏడ్సెటోడు ఒక్కడు లేడు! ఎర్రబట్టలేంది?"

"ఆయన్ని చంపేశార్రా. నెత్తుటి గుర్తుకి ఎరుపు."

"ఎట్ల సంపిన్రు?"

అక్క పట్టకారుతో పొయ్యి మీది ఇనుప జాలీని చూపించింది. "ఇదిగో, ఇట్టాంటిదాని మీద కాల్చి."

నేను రెండడుగులు వెనక్కి దూకాను. "ఓరి దేవుడా! మల్ల దాని మీదనే కోడి కాలుస్తున్నరా?"

"కాలుస్తుంటే ఆయనేమన్నాడో తెలుసా? ఈ పక్క కాలిపోయింది, తిప్పండ్రా అన్నాడంట! అందుకే వంటోళ్ళందరికీ ఆయనే పెద్దదిక్కు. అలాంటాయన రోజున ఏడిస్తే ఏం బాగుంటాది, నువ్వే చెప్పు."

మా నాయనమ్మ కూడా పోయేముందు మంచం చుట్టూ శోకాలు పెడుతున్నవాళ్ళను చూసి, "ముందుగాల కోళ్ళకు గింజలేసొచ్చి ఏడ్వున్రి" అందట. అయినా పద్ధతి పద్ధతే కదా, అని అసలు విషయం అడిగాను: "ఆయనకు తినడానికేం ఇష్టం? అది పెట్టాలె కద!"

ఈ ప్రశ్న అక్క ఇంగ్లీషులో పడేసేసరికి పండుగంతా ఆగిపోయింది. అంత చదువుకున్న ఫాదర్ గడ్డం గోక్కుని, ఎక్కడా రాయలేదన్నాడు. నర్సులు తీపి అన్నమన్నారు. డ్రైవరు చిక్కుడు గింజల కూరన్నాడు. ఇద్దరు పెద్దమనుషుల్లో ఒకాయన చేపంటే రెండో ఆయన, నీకిష్టమని ఆయనకు అంటగట్టకు అన్నాడట. మేడమ్ మాత్రం నా చేతిలోని మూట చూసి, ఇది ఎవరికిష్టం అని అడిగింది. అంతే, నా మొహానికి పులుముకున్న దొంగ దుఃఖం కాస్తా నిజమైపోయింది. నాయనమ్మ, క్యాసెట్టు, ఎగ్జిట్టు, అన్నీ వెళ్ళగక్కాను. అక్క ఇంగ్లీషులో సగం చెప్పి తనూ ముక్కు చీదింది.

మేడమ్ ఫోన్ దగ్గరికి వెళ్ళి మేనేజరుతో చాలాసేపు మాట్లాడింది. తిరిగి వచ్చిన మొహంలోనే జవాబు కనిపించింది. "గొడవ సద్దుమణిగేదాకా ఎవర్నీ పంపరంటరా," అంది అక్క మెల్లగా. "అందుకని ఇయ్యాలే, ఇక్కడే పెట్టెయ్యమంటున్నారు మేడమ్‌గారు. చల్లారిపోద్ది, కానియ్."

ప్రార్థన మొదలైంది. ఫాదర్ పునీతుల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తుంటే, మా కోసం ప్రార్థించమని మిగతావాళ్ళు ఇంగ్లీషులో అందుకుంటున్నారు. మధ్యలో ఆగి నావైపు తిరిగి, నాయనమ్మ పేరడిగాడు. పేరా? ఆమెకు పేరెందుకుంటుంది? రేషన్ కార్డులో ఏదో ఉండే ఉంటుంది, నేనెప్పుడు పిలిచాను గనుక? "నాయనమ్మ," అన్నాను. బట్టతల దొర ఎంతో శ్రద్ధగా "నాయనమ్మా" అన్నాడు. సూడాను, ఫిలిప్పీను, ఇంగ్లండు ముక్తకంఠంతో ఆమెను వేడుకున్నాయి. జీవితంలో ఎవరికీ అప్పడం ముక్క కూడా అడక్కుండా ఇవ్వని మనిషి, ఆ సాయంత్రం మూడు ఖండాల పెద్దదిక్కయింది.

తర్వాత సర్వపిండీ రెండు కోడిముక్కలూ పళ్ళెంలో పెట్టి పెరటి గోడ మీద ఉంచాను. పిట్ట ముట్టేదాకా నేను తిననన్నాను. నేను తినకపోతే తామూ తినేది లేదన్నారు వాళ్ళు. అందరం చెమటలు కక్కుతూ గోడకేసి చూస్తున్నాం. పిట్ట రాదే! ఆ వేడికి పిట్టలన్నీ మాకన్నా ముందే ఎగ్జిట్ కొట్టించుకుని పోయినట్టున్నాయి. ఆకాశంలో ఒక సైనిక హెలికాప్టర్ పోతే ఒక నర్సు ఆశగా, అది లెక్కలోకి వస్తుందా అని అడిగింది. కోడి చల్లారింది. నాయనమ్మ అలిగింది.

అప్పుడు గోడ అవతల నుంచి ఒక చేయి లేచి పళ్ళెం పట్టుకుపోయింది. మా కాంపౌండ్ కాపలా పఠాన్ చాచా! (శుక్రవారాలు ఆ సందులోకి వస్తే ఆయనకు కళ్ళు కనపడవు, చెవులు వినపడవు. అంత మంచి మనిషి.) బిస్మిల్లా అన్న మాట, తర్వాత కరకరా నమిలిన చప్పుడు, ఆ తర్వాత త్రేన్పు. చివరికి గుబురు మీసాలతో చాచా తల గోడ మీదికి వచ్చింది.

"అరే బేటా, యే గోల్ రోటీ కిస్‌నే బనాయీ? ఔర్ హై క్యా?"

ఈ గుండ్రటి రొట్టె ఎవరు చేశారట, ఇంకా కావాలట! నాయనమ్మ ఎవరింట్లో తిన్నా రెండోసారి వడ్డించుకోకుండా లేచే మనిషి కాదు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి పొలమారింది. ఫాదర్ నావైపు ప్రశ్నగా చూశాడు. నేను తలూపాను. అందరూ ఒక్కసారిగా కోడి మీద పడ్డారు.

యుద్ధం ముగిశాక ఎప్పటికో ఊరెళ్ళాను. గుమ్మంలో సంచి దింపకముందే నాయన అడిగిందొక్కటే: "అక్కడ పెట్టిన అంటివి గద, పిట్ట ముట్టిందారా?"

"ముట్టింది నాయనా. పళ్ళెం కడిగి మల్ల ఇచ్చింది."

నాయన నా సంచి అందుకుని, "సౌదీ పిట్టలు వేరే ఉంటయేమో" అని లోపలికి పోయాడు. ఇప్పుడు నా తలా పండింది. శ్రావణంలో మా ఇంటి గోడ మీద ముద్ద పెడితే నిమిషంలో పిట్టలొచ్చి ముడతాయి, పిల్లలు విస్తళ్ళ ముందు కూర్చుంటారు. నేనొక్కణ్ణే ఇంకా గోడ అవతలికి తొంగిచూస్తూ నిలబడతాను, మీసాలున్నదేదైనా వస్తుందేమోనని. "ఇంకేం కావాలె నీకు, వచ్చి తిను" అని మా ఆవిడ కేకేస్తుంది. ఏం కావాలో చెబితే మళ్ళీ పెంచి చెబుతున్నానంటుంది.