వాగు దాటాక రెండు కిలోమీటర్లు

భద్రాచలం కరకట్ట మీద పొద్దున్నే నడిచేవాళ్లలో సగం మందికి నేను అబద్ధం చెప్పాను. "అన్నా, ఏం జేసినవ్, సగమైనవ్?" అని ఎవరడిగినా, "అన్నం బంద్ పెట్టిన, రోజూ నడుస్తున్న" అనేవాణ్ని. నన్ను చూసి ఒకాయన రాత్రి భోజనం మానేశాడు కూడా. నిజానికి హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నా పొట్టలో ముప్పాతిక భాగం కోసి తీసేశారు. ఆ సంగతి నాకూ నా భార్యకూ తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు.

దాచడానికి కారణం సిగ్గు. ముప్పై ఏళ్లుగా పేపరుకు ఏజెన్సీ ప్రాంతపు వార్తలు రాస్తున్నవాణ్ని. అడవి పల్లెల్లో తిండి చాలని పిల్లల గురించి ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అలాంటివాడు తిండి తగ్గించుకోవడానికి కడుపు కోయించుకున్నాడంటే ఏమనుకుంటారు? మోకాళ్లు లేవనీయలేదు, షుగర్ మందులకు లొంగలేదు, బండి ఎక్కితే బండే మూలిగేది. ఆపరేషన్ అవసరమే. వాళ్లు చేసిందీ సరిగ్గానే చేశారు. ఇంటికి పంపేటప్పుడు చేతిలో ఒక కాగితం పెట్టారు: విటమిన్ మాత్రలు ఆపొద్దు, వాంతులు రెండు రోజులు దాటితే వెంటనే రావాలి. ఆ కాగితాన్ని పాత డైరీలో పెట్టి మరిచిపోయాను.

రెండో నెలలో వాంతులు మొదలయ్యాయి. గొట్టంలా మిగిలిన పొట్ట ఒకచోట మరీ ఇరుకైపోయిందని తర్వాత తెలిసింది. ముందు అన్నం ఆగలేదు, తర్వాత పాలు, చివరికి నీళ్లు. మాత్రలు మింగలేక మానేశాను. అప్పుడే గోదావరికి వరద. నీటిమట్టం పెరిగినప్పుడల్లా వార్త పంపాలి.

"హైదరాబాద్ పోదాం పాండ్రి," అంది నా భార్య.

"వరద తీయనీ."

"ఊరందరి దవాఖానా వార్తలు రాస్తరు. ఇంట్ల వార్త మాత్రం పరుపు కింద దాస్తరు."

అలా మూడు వారాలు గడిచాయి. ఇక నిలబడలేక బూర్గంపాడులో ఉన్న పాత మిత్రుడి దగ్గరికి వెళ్లాను. డిగ్రీ లేని వైద్యుడు, కానీ చుట్టుపక్కల ఊళ్లన్నీ డాక్టరనే పిలుస్తాయి. మా వైపు నీరసమంటే గ్లూకోజ్ సీసా. అది ఎక్కించకుండా పంపితే డాక్టరు మనల్ని లెక్కచేయలేదని రోగి అలుగుతాడు. అదొక మర్యాద.

"మొఖం గిట్ల పీక్కపోయిందేందన్నా? రెండు సీసాలు ఎక్కిస్త, గుర్రం లెక్క లేస్తవ్," అన్నాడు. సీసాను కిటికీ చువ్వకు వేలాడదీస్తూ, "ఇంకేమన్న ఉన్నదా? ఆపరేషన్ గిట్ల?" అని అడిగాడు.

"ఏం లేదు. వరద తిరుగుడు," అన్నాను.

ఆ రోజు రెండు సీసాలు, మర్నాడు ఒకటి. ఇంటికి తిరిగొస్తుంటే గోదావరి వంతెన రెండుగా కనిపించింది. ఏ వంతెన మీద వెళ్తున్నానో తెలియక ఆటో రాడ్డు గట్టిగా పట్టుకున్నాను. దిగబోతే కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి.

తర్వాతి నాలుగు రోజులు నా దగ్గర లేవు. కోలుకున్నాక నా భార్యను ఎదురుగా కూర్చోబెట్టి, నోట్‌బుక్ తెరిచి, ఎవరు ఏమన్నారో వరుసగా అడిగి రాసుకున్నాను. ఇక్కడ రాస్తున్నది ఆ నోట్సులోదే. భద్రాచలం పెద్ద దవాఖానాలో నన్ను చూసిన డాక్టరమ్మను, "మీది ఏ పేపరు?" అని అడిగానట. ఆమె నా కళ్లను కాసేపు చూసి, నా భార్య వైపు తిరిగిందట.

"ఈయనకు ఆపరేషన్ ఏమైనా అయిందామ్మా?"

కాలేదన్నట్టు నేను తలూపానట. మతి లేని స్థితిలో కూడా ఆ అబద్ధం ఒక్కటి గుర్తుంది నాకు. నా భార్య మాత్రం ఆగలేదు.

"అయింది మేడం. పొట్ట కోసిన్రు. మూడు వారాల సంది కక్కుతనే ఉన్నడు. గ్లూకోజ్ ఎక్కించిన్రు."

"సిస్టర్, ఆ గ్లూకోజ్ సీసా ఆపండి. ముందు బీ వన్ ఇంజెక్షన్," అందట డాక్టరమ్మ.

ఆమె తర్వాత నాకు వివరంగా చెప్పింది. వారాల తరబడి వాంతులైతే ఒంట్లో బీ వన్ విటమిన్ నిండుకుంటుంది. ఆ సమయంలో ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే, దాన్ని అరిగించడానికి శరీరం ఉన్న కొద్దిపాటి విటమిన్‌నూ వాడేస్తుంది. దెబ్బ మెదడుకూ నరాలకూ తగులుతుంది. వైద్యం వికటించిన వార్తలు నేనెన్నో రాశాను. డాక్టరు అడిగిందానికి రోగి అబద్ధం చెప్పాడా అని ఒక్కసారీ వాకబు చేయలేదు.

రెండు రోజుల్లో వంతెనలు ఒకటయ్యాయి. మతి కుదుటపడింది. నగరంలో నోటి గుండా బెలూన్ పంపి ఇరుకును రెండుసార్లు వెడల్పు చేశారు. నీళ్లు దిగాయి, జావ దిగింది. కాళ్లు మాత్రం రాలేదు. అరికాళ్లకు నేల తెలియడం లేదు.

"ఎంతవరకు వస్తయ్ మేడం?" అని ఊరికి తిరిగొచ్చాక డాక్టరమ్మను అడిగాను.

"చెప్పలేను. కొందరికి పూర్తిగా రావు. మీకు ఎంత దూరం నడవాలి?"

ఆ ప్రశ్న నాకు నచ్చింది. కొలతకు దొరికే ప్రశ్న. "వాగు దాటినంక రెండు కిలోమీటర్లు," అన్నాను.

ములకలపల్లి అవతల ఒక గూడెం ఉంది. బండి వాగు దాకే వెళ్తుంది. అక్కడి నుంచి నడకే. జ్వరమొచ్చినవాళ్లను డోలీ కట్టి మోసుకొస్తారు. ఆ దారి గురించి ఏటా రాస్తూ వచ్చాను. అక్కడికి నడిచి వెళ్లలేకపోతే ఇక నేను ఫోన్లో విని రాసేవాణ్ని మాత్రమే. అలాంటి విలేకరిగా బతకడం నాకిష్టం లేదు.

బూర్గంపాడు మిత్రుడు చూడటానికొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నేనే చంపబోయిన గదన్నా."

"నువ్వు అడిగినవ్. నేనే చెప్పలే."

లోపలికొచ్చి కూర్చున్నాడు. "చెప్పినా ఎక్కిద్దునేమో. గీ సంగతి నాకూ తెల్వదు." ఆ నిజాయితీకి నేను తలవంచాను. "ఇప్పుడు ఎవరొచ్చినా కడుపు ఆపరేషన్ అయిందా అని గుచ్చి గుచ్చి అడుగుతున్న. నిన్న ఒక ముసలమ్మ తిట్టింది, నా కడుపుతోని నీకేం పనిరా అని."

ఏడాది పట్టింది. మొదట గోడ పట్టుకుని వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి. తర్వాత కర్రతో వీధి. ఆ తర్వాత కరకట్ట. ఎదురైనవాళ్లు ఏమైందని అడిగితే మొత్తం చెప్పాను, పొట్ట కోయించుకున్న సంగతితో సహా. కొందరు నవ్వారు. రాత్రి భోజనం మానేసిన ఆయన మాత్రం నాలుగు రోజులు మాట్లాడలేదు. తిండి రోజుకు ఆరుసార్లు, చిన్న గిన్నెడు. ముద్దకూ ముద్దకూ మధ్య నా భార్య గడియారం చూసేది. "ఏ రైలు పోతున్నది? నములుండ్రి." నెలకో ఇంజెక్షన్. బతికినన్నాళ్లు మాత్రలు. అది ఒప్పుకున్నాను.

మొన్న వేసవి మొదట్లో ఆటోలో వాగు దాకా వెళ్లాం. నా భార్య ఒడ్డునే చెట్టు కింద కూర్చుంది. "నేను రాను. నేనొస్తే నా భుజం పట్టుకుంటరు," అంది.

గూడెం పటేల్, అంటే ఆ ఊరి పెద్ద, నాకోసం వాగు దగ్గరికి వచ్చాడు. ఇద్దరం నీళ్లలోకి దిగాం. పాదాలకు ఏమీ తెలియలేదు. నీళ్లు పిక్కల దాకా వచ్చినప్పుడే చల్లగా తగిలాయి. ఆయన ముందు నడుస్తూ, రాయి ఉన్నచోట కర్రతో తట్టి చూపించాడు. నేను ఆకాశం చూడలేదు, చెట్లు చూడలేదు. నా పాదాలనే చూస్తూ నడిచాను. ఒక్కచోట మాత్రం ఇప్పచెట్టు వైపు తల తిప్పాను.

గూడెం చేరగానే పటేల్ భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "సారూ, ఒక చెప్పు ఎవలకిచ్చి వచ్చినవ్?"

ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిందో తెలియలేదు. మడమలో ముల్లు దిగి రక్తం కారుతోంది, అదీ తెలియలేదు. పటేల్ వెనక్కి వెళ్లి ఇప్పచెట్టు దగ్గర దొరికిందని చెప్పు తెచ్చాడు. ఆమె ముల్లు తీసి పసుపు అద్దింది.

ఆ ఇంట్లో వచ్చినవాళ్లకు ముందు జావ ఇస్తారు. ఒకప్పుడు సొరకాయ బుర్ర నిండా తాగి మళ్లీ అడిగేవాణ్ని. బుర్ర చేతికిస్తుంటే చెప్పాను, ఇంత తాగలేనని, పొట్ట కోయించుకున్నానని.

"రోగమా?"

"లావు తగ్గాలని."

ఆమెకు అర్థం కాలేదు. "తిండి ఎక్కువై కోయించుకున్నవా?"

"అవ్."

పటేల్ నవ్వలేదు. ఆమె కూడా ఈసారి నవ్వలేదు. నన్ను ఒకసారి చూసి, లేచి వెళ్లి, మోదుగాకుతో అరచేతిలో పట్టేంత దొప్ప కుట్టి, అందులో జావ పోసింది. "గిది పడ్తదా?" అంది. పట్టింది. గుక్క గుక్కకూ ఆగుతూ తాగాను. నేను ముగించేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.

బయల్దేరుతుంటే పటేల్, "పిల్లగాళ్లను పిలుస్త, డోలీ కడ్తరు," అన్నాడు. వద్దన్నాను. ఆమె నార తాడుతో నా రెండు చెప్పులనూ చీలమండలకు కట్టింది. దారిలో మూడుచోట్ల కూర్చున్నాను. నాలుగోచోట కూర్చోవాలనిపించినా, వాగు కనిపిస్తోందని కూర్చోలేదు.

అవతలి ఒడ్డున నా భార్య లేచి నిలబడింది.

"ఎవలన్న మోసిన్రా?"

"ఎవలూ మోయలే."

ఆమె నమ్మలేదు. వంగి నా పాదాలు చూసింది. కట్లు తడిసి బిగుసుకున్నాయి. చెప్పులు రెండూ ఉన్నాయి.