లైట్లు వెలగని జంక్షన్‌లో పిడికిలి

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని ఎగతాళి చేసే మనిషిని నేను. స్కూల్లో సైన్సు చెబుతాను. స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా అలాంటి మాటలు మొదలుపెడితే లేచి బయటికి పోయేదాన్ని. ఇప్పుడు నేనే రాస్తున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

మా ఇల్లు డాలీగంజ్ అవతల. మా సందు చివర నాలుగు రోడ్లు కలిసే జంక్షన్ ఉంది. సిగ్నల్ లైట్లు పెట్టారు గాని, ఉప్పుగాలికీ వానకీ అవి పాడయ్యే రోజులే ఎక్కువ. మా దీవుల్లో ఐదు దాటగానే చీకటి. ఆఫీసులు వదిలేదీ, పిల్లలు ట్యూషన్లకి పోయేదీ ఆ వేళకే.

మావారు జెట్టీలో చేసి రిటైరయ్యారు. ఓడలోంచి సరుకు దించేటప్పుడు కింద నిలబడి, క్రేన్ నడిపేవాడికి చేతులతో సైగలు చెయ్యడం ఆయన పని. ఇంట్లో ఊరికే కూర్చోలేక, లైట్లు వెలగని సాయంత్రాల్లో జంక్షన్‌కి పోయి పిల్లల్ని రోడ్డు దాటించేవారు. పోలీసులైతే అరచెయ్యి చూపిస్తారు. ఈయన జెట్టీ అలవాటు కొద్దీ పిడికిలి బిగించి తలపైకి ఎత్తేవారు. వాళ్ళ సైగల్లో ఆగమని అర్థమట.

"బళ్ళు ఆపుతున్నారా, కొట్లాటకి పిలుస్తున్నారా?" అని ఏడిపించేదాన్ని.

"ఆగుతున్నాయి కదా. ఎలా ఆగితే నీకేంటి?" అనేవారు.

లైట్లు బాగుచెయ్యమని ఇద్దరం మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగాం. చేస్తామనేవారు. ఒక వాన సాయంత్రం లారీ ఆయన్ని గుద్దేసింది. పిల్లలు దాటేశారు. ఆయన దాటలేదు.

ఆ వారమే లైట్లు బాగుచేశారు. ఎరుపూ పచ్చా చక్కగా వెలుగుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత సులువైన పనికి మనిషి పోవాలా? ఆ వానలు తగ్గకముందే లైట్లు మళ్ళీ పోయాయి.

అవి వెలిగినన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనలేదు. ఆరిపోయాకే మొదలైంది. ప్రోతరాపూర్ బస్సు డ్రైవరు ఒకరోజు నన్ను చూసి కిందికి దిగాడు.

"దీదీ, నిన్న అంకుల్ కనబడ్డారు. ముఠ్ఠీ బిగించి చెయ్యెత్తారు, నేను ఎకదమ్ బ్రేక్ కొట్టీసాను. చూస్తే బచ్చాలు దాటతన్నారు. అంకుల్ లేరు."

రోజూ చూసిన మనిషి కాబట్టి అలా అనిపించి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

తర్వాత మా స్కూలుకి కాకినాడ నుంచి కొత్తగా లెక్కల మాస్టారు వచ్చారు. మావారు ఎవరో, ఎలా పోయారో ఆయనకి తెలియదు. ఫోటో కూడా చూడలేదు. ఓ రోజు పొద్దున్నే నా దగ్గరికి వచ్చి, "మేడమ్, నిన్న సాయంత్రం మీ సందు చివర ఎవరో పెద్దాయన వానలో తడుస్తూ నిలబడ్డారండి. గుద్దుతానన్నట్టు పిడికిలి చూపిస్తే భయపడి స్కూటీ ఆపేశాను. ఎవరండీ ఆయన?" అన్నారు.

ఆ రోజు పాఠం చెప్పలేకపోయాను.

అప్పట్నుంచి లైట్లు వెలగని సాయంత్రాల్లో వెళ్ళి అక్కడ నిలబడుతున్నాను. బళ్ళు వాటంతట అవే ఆగుతాయి. పిల్లలు దాటుతారు. నాకు మాత్రం వాన తప్ప ఏమీ కనిపించదు. ముక్కూమొహం తెలియనివాళ్ళకి కనిపించే మనిషి నాకెందుకు కనిపించరు? నడిరోడ్డు మీద నిలబడి ఏడ్చాను కూడా.

బతికినన్నాళ్ళూ కష్టపడ్డారు, ఇప్పుడైనా ఆయన్ని ఆ రోడ్డు మీంచి పంపించెయ్యాలని నా బాధ. అందుకే లైట్లు బాగుచెయ్యమని మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాను. ఆఫీసరు మన తెలుగాయనే. కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడారు.

"మీ జంక్షన్‌లో ఈమధ్య ఒక్క యాక్సిడెంటూ లేదు కదమ్మా. ప్రమాదాలు జరిగేచోట ముందు బాగుచెయ్యాలి కదా."

మావారు ఆపుతున్నారండీ అని చెప్పనా? లేచి వచ్చేశాను.

ఇదంతా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. సైన్సు చదివిన బుర్రకి అందడం లేదు. ఆ లైట్లు వెలగాలంటే అక్కడ మళ్ళీ ఎవరో ఒకరు చావాలి. ఆయన చావనివ్వరు.