కుర్చీ వెనక మనిషి

మా బావది నిలబడి చేసే పని. సెలూన్‌లో కుర్చీ వెనక నిలబడి, ఎడమచేత్తో మన తల వంచి, కుడిచేత్తో కత్తెర ఆడిస్తూ లోకంలోని కబుర్లన్నీ చెప్పేవాడు. పక్షవాతం వచ్చి కుడికాలూ కుడిచెయ్యీ పడిపోయాక కబుర్లే మిగిలాయి, అవీ ముద్దముద్దగా. ఆయనకు ఒకటే ధ్యాస, మళ్లీ ఆ కుర్చీ వెనక నిలబడాలని.

ఆసుపత్రిలో నీళ్లలో నడిపించే పెద్ద తొట్టి ఉంది. ఫిజియోథెరపీ అమ్మాయి, నేను చెరో పక్కన పట్టుకుని ఆయన్ని ఛాతీలోతు గోరువెచ్చటి నీళ్లలోకి దింపేవాళ్లం. మొదట్లో కమ్మీ పట్టుకుని నడిచేవాడు. కొన్నాళ్లకు అదీ వదిలేశాడు.

"ఏరా, ఎలా నడుస్తున్నాను?"

"కాళ్లు బాగున్నప్పుడు కూడా ఇంత తిన్నగా నడవలేదులే బావా!"

ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "మీ బరువు చాలావరకు నీళ్లే మోస్తున్నాయి బాబాయ్. ఇది చూసుకుని బయట ఆసరా లేకుండా అడుగు వేయకండి" అంది. బావ ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాడు.

ఓ ఆదివారం "సెలూన్ తాళం తియ్యరా, మొదటి బేరం నువ్వే" అని నా ప్రాణం తీశాడు. కాదనడానికి నాకు నోరు రాలేదు. కుర్చీలో కూర్చున్నాను. చేతికర్ర గోడకు ఆనించి, ఒంటి చేత్తోనే నా మెడ చుట్టూ గుడ్డ కప్పాడు. అద్దంలో ఆయన మొహం వెలిగిపోతోంది. నా తల వంచి, నీళ్లలో వేసినట్టే ధీమాగా పక్కకు అడుగు వేశాడు. దభీమని చప్పుడైంది. తలెత్తితే అద్దంలో నా వెనక ఎవరూ లేరు.

అదృష్టం బాగుండి ఎముకలు విరగలేదు. అక్క నా మీద విరుచుకుపడింది. "ఆయనకైతే పిచ్చి ఆశ. నీకైనా బుద్ధుండక్కర్లా?"

ఆ తర్వాత నెలల తరబడి తొట్టిలో నడిపించినా, నీళ్లు తగ్గి నడుములోతుకు వచ్చేసరికి ఆయన మోకాలు మడతపడిపోయేది. చివరికి ఓ రోజు నీళ్లలోనే ఆగి, బావే ఆ అమ్మాయిని అడిగాడు. "నిజం చెప్పమ్మా. నేను మళ్లీ నిలబడి పని చేసుకోగలనా?"

"కర్రతో ఇంట్లో తిరుగుతారు బాబాయ్. ఆ పని మాత్రం ఇక కుదరదు."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ ముక్క చెప్పకపోతే ఏం పోయింది నీకు?" అని అరిచాను.

"ఊరుకోరా. అడిగింది నేను. ఆ పిల్లనెందుకు అంటావ్?" అన్నాడు బావ.

ఇంటికి పోదాం పదమన్నాను. ఆయన వెనక్కి, ఛాతీలోతుకు నడిచాడు. ఆ అమ్మాయి ఆయన పక్కకు వెళ్లి నిలబడింది.

"ఇలా రారా. నా ముందు నిలబడి అటు తిరుగు" అన్నాడు.

తిరిగాను. ఎడమచేత్తో నా జుట్టు తడిపాడు. వేళ్లతో దువ్వి, తల మెల్లగా వంచాడు. కుడిచెయ్యి నీళ్ల మీద తేలుతూ వచ్చి నా వీపుకు తగిలి ఆగిపోయింది.

"చెవుల దగ్గర కాస్త పొట్టిగా చెయ్యనా?"

"నీ ఇష్టం బావా" అన్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను. నా భుజాలు కదిలిపోతున్నాయి.

"కదలకురా. అయిపోవచ్చింది" అన్నాడు బావ.