వంటింట్లోకి వచ్చిన ఇన్‌కంటాక్సు

సంపాదించుకున్నందుకు సర్కారుకు డబ్బు కట్టాలని పెళ్ళయ్యేదాకా నాకు తెలియనే తెలియదు. మా పుట్టిల్లు హొసకోటె పక్కన. మా నాయన ఏటా కందాయం కట్టేవాడు, కట్టిన ప్రతిసారీ తిట్టని తిట్టు లేదు. కానీ అది భూమికి. ఏడాదంతా ఎంత సంపాదించావో నువ్వే రాసి చెప్పు, అందులో మా వాటా మాకు పెట్టు అని అడిగే ఆఫీసు కూడా ఒకటి ఉంటుందని బెంగుళూరు పేటలో కోడలిగా అడుగుపెట్టాకే విన్నాను. విని నోరెళ్ళబెట్టాను.

"ఇదేం చోద్యమత్తా! పక్కింటోళ్ళకే చెప్పం గదా మనకేం వస్తాదో!" అన్నాను.

"ఆ మాట మీ మామకు చెప్పు, నీకు పుణ్యముంటాది" అంది మా అత్త.

మామ నవ్వే స్థితిలో లేడు పాపం. ఆయనా, ఆయన తమ్ముడూ కలిసి పట్టు వ్యాపారం చేసేవారు. తమ్ముణ్ణి నేను చిన్నమామ అనేదాన్ని. ఒక అంగడి పేటలో, ఇంకోటి దండులో, అదే కంటోన్మెంటులో. పేట మహారాజుది, దండు ఇంగ్లీషువాళ్ళది. ఊరు ఒకటే, జట్కాలో పోతే అరగంట దారి, అయినా సర్కార్లు రెండు, పన్ను ఆఫీసులూ రెండు. అక్కడ కట్టింది ఇక్కడ చూపాలి, ఇక్కడ కట్టింది అక్కడ చూపాలి. పొద్దున ఈ వరండాలో, మధ్యాహ్నం ఆ వరండాలో కూర్చుని వచ్చేవాడు మామ. "దొర క్యాంపు పోయినాడు, వచ్చే వారం రండి" అని జవాను చెప్తే ఇంటికొచ్చి మా మీద ఎగిరేవాడు. ఫారాలన్నీ ఇంగ్లీషులో, మా లెక్కలన్నీ తెలుగులో. మామ చదివి కన్నడంలో చెప్తే గుమాస్తా ఇంగ్లీషులో రాసుకునేవాడు. అంతా అయ్యాక చూస్తే అవి తన లెక్కలేనా అని మామకే అనుమానం వచ్చేది.

అప్పుడు యుద్ధం నడుస్తోంది. పట్టుకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది, దాని వెనకే పేట ఆఫీసు నుంచి నోటీసూ వచ్చింది. అందులో కట్టమన్న మొత్తం చూసి మామ ఆ కాగితాన్ని కాసేపు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, తలకిందులుగా పట్టుకున్నానేమో అన్నట్టు. చిన్నమామ గ్లాసుతో పట్టుకున్న కాఫీ అట్లాగే చల్లారిపోయింది.

వకీలు వచ్చి కూర్చుని విడమరిచి చెప్పాడు. ఉమ్మడి కుటుంబమంటే సర్కారు లెక్కలో ఒకే మనిషట. అన్నదమ్ములిద్దరి రాబడీ ఒకటిగా కలిపేస్తారట. మొత్తం పెరిగేకొద్దీ పన్ను రేటూ పెరుగుతుందట. అదే వేరుపడితే ఎవరి రాబడి వారిది, పన్ను బాగా తగ్గుతుంది. "కాగితం రాసుకుంటే చాలదు. ఆఫీసరు ఇంటికొచ్చి విచారణ చేస్తాడు. వంటలు వేరుగా ఉండాయా లేదా చూస్తాడు" అన్నాడు.

ఈ మాట అవ్వకు చెప్పడానికి ఇద్దరు కొడుకులకూ ధైర్యం చాలలేదు. అవ్వ అంటే మామ వాళ్ళమ్మ. ఆ అన్నదమ్ములకు పెళ్ళిళ్ళై, పిల్లలై, నేను మనవడి పెళ్ళాన్నై వచ్చినా ఆ ఇంట్లో ఒకే పొయ్యి వెలుగుతోందంటే అది అవ్వ పట్టుదల. తన కట్టె కాలేదాకా ఆ ఇంట్లో రెండో పొయ్యి వెలగకూడదు, ఆమె కోరిక అంతే. ఇంకేమీ అడిగేది కాదు.

"ఒక కడుపున పుట్టినోళ్ళు వేరుపడేదేమిరా, సిగ్గులేకుండా?" అని కేకలేసింది.

"పడేది లేదమ్మా, పడినట్లు చూపించేది. ఆపీసరు వచ్చి చూసిపోయిన మరుదినమే ఆ పొయ్యి పగలగొట్టేస్తాము" అన్నాడు మామ.

చిన్నమామ ఒట్టు కూడా వేశాడు. అవ్వ మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత, "కానీండి, మీ ఖర్మ" అంది.

వెనక గదిలో చిన్నత్తకు పొయ్యి వేశారు. ఆమెకు పండగే పండగ. ఇన్నేళ్ళూ మా అత్త చేతి కిందే వండిందేమో, తన పొయ్యి మీద తన ఇష్టం వచ్చినంత చింతపండు పోసి పులుసు పెట్టుకుంది. పిల్లలు ఇక్కడేం కూర, అక్కడేం కూర అని రెండు చోట్లా తిరిగి రెండు చోట్లా తినేవాళ్ళు. వాళ్ళకు పాఠం చెప్పలేక చచ్చాం. "పెద్దమ్మ ఇంట్లో మేం తినం సార్ అనల్ల, తెలిసిందా?" అంటే "తింటాం గదా!" అనేవాళ్ళు. బియ్యం మూట ఎవరిది, పాలు ఎవరు పోయించుకుంటారు, కట్టెలు ఎవరివి, అన్నీ అందరమూ వల్లెవేశాం. అవ్వకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. పిలిచిన చోట తినేది.

మరిచిపోయి కాదు. కాఫీ ఇవ్వడానికి పోయినప్పుడు వకీలు మాట నా చెవిన పడింది. పేట అంగడి కట్టడం అవ్వ పేరున ఉండేది, ఆమె పుట్టింటివాళ్ళు ఇచ్చింది. "ఆమె ఎవరితో ఉండాదంటే ఆఫీసరు ఆ కట్టడం బాడిగ కూడా వాళ్ళ రాబడిలో కలపొచ్చు. మీ అంతట మీరు ఆమె మాటెత్తకండి" అన్నాడు వకీలు. అన్నదమ్ములు తలూపారు.

ఆఫీసరు ఒకరోజు పొద్దున్నే దిగాడు. కోటు, తలకు రుమాలు, చేతిలో గొడుగు, వెనక జవాను. మర్యాదగానే చెప్పులు విప్పి తిన్నగా వంటింట్లోకి వచ్చేశాడు! మా ఇంటి మగవాళ్ళే స్నానం చేయకుండా ఆ గడప దాటరు. మా అత్త గరిటె పట్టుకుని కొయ్యబారిపోయింది. చారు గిన్నె మూత తీయమన్నాడు, తీసింది. వెనక గదిలోకి పోయి అక్కడా మూత తీయించాడు. చిన్నత్త పుణ్యమా అని అక్కడ బచ్చలి పప్పు ఉంది కాబట్టి సరిపోయింది. పన్ను కోసం పరాయి మగాడు వచ్చి మన గిన్నెలో ఏముందో చూడటమేమిటి! ఎవరికైనా చెప్తే నమ్ముతారా?

చూడాల్సింది చూసి బయటికొచ్చాడు. నడవలో అవ్వ చేటలో బియ్యం ఏరుతూ కూర్చుని ఉంది. ఆయన ముఖం మెత్తబడింది. "అజ్జీ, నువ్వు ఏ కొడుకు దగ్గర ఉంటావు?" అని కన్నడంలో అడిగాడు.

అవ్వ కొడుకుల వైపు చూసింది. మామ చిన్నమామ వైపు చూశాడు. చిన్నమామ నేల చూశాడు. నాతో అని ఎవరో ఒకరు అంటారు గదా, ఇప్పుడంటారు, ఇప్పుడంటారు అని నేను తలుపు చాటున నిలబడ్డాను. అనలేదు. దేవుడా, ఇద్దరిలో ఒక్కరూ అనలేదు!

అవ్వే చెప్పింది, కన్నడంలోనే. "ఎవరి దగ్గరా లేనప్పా. నా కూడు నేను వండుకుంటా."

ఎక్కడ అని అడిగాడాయన. అవ్వ లేచి స్నానాల గదిలోకి తీసుకుపోయింది. నీళ్ళు కాచే హండా కింద ఉండే పొయ్యి చూపించింది. "ముసలిదానికి ఇది చాలదా?" అంది.

ఆయన కాసేపు ఆ మసి గోడనే చూశాడు. వీధి గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ వకీలుతో అన్నాడు. "రెండు పొయ్యిలు ఎవరైనా పెట్టి చూపిస్తారు. తల్లికి ఏ పొయ్యి దగ్గరా చోటు లేదంటే అది నిజంగా వేరుపడిన ఇల్లే. నాకింక సాక్ష్యం అక్కర్లేదు."

ఆయన సందు మలుపు తిరిగాడో లేదో ఇంట్లో ఒకటే సంబరం. "అమ్మకు ఎంత తెలివప్పా! వకీలుకే తట్టలేదు!" అని చిన్నమామ చప్పట్లు కొట్టాడు. వెనక గదిలో పొయ్యి ఆ పూటే పగలగొట్టించారు. మధ్యాహ్నం అందరికీ ఒకే వరసలో ఆకులు వేశాం. అవ్వ ఆకు ముందు అవ్వ లేదు.

వెతుక్కుంటూ పోతే స్నానాల గదిలో ఉంది. హండా దించేసి, చిన్న కుండలో రాగి సంగటి కెలుకుతోంది. కళ్ళ నిండా పొగ. నా వెనకే కొడుకులిద్దరూ వచ్చారు.

"అయిపోయింది గదమ్మా నాటకం. లేచి రా, అన్నం చల్లారిపోతాది" అన్నాడు మామ.

"నాటకం మీది. నేను ఉండేదే చెప్పినా" అంది అవ్వ, కుండ మీద నుంచి చూపు తిప్పకుండా. "మా అమ్మ నాతో ఉండాది అంటే నా కట్టడం బాడిగకు ఎంత పన్ను పడేదిరా?"

మామ చిన్నమామ వైపు చూశాడు. చిన్నమామ అప్పటిలాగే నేల చూశాడు. అవ్వ సంగటి ముద్ద చేసుకుని అక్కడే గోడకానుకుని తినడం మొదలుపెట్టింది.