అవతలి తల్లి కోసం

మిరపకాయలు కోసిన చేతులు మండుతుంటే మా ఊరి మిలటరీ అమ్మ వాటిని జోడించేది కాదు. అరచేతులు పైకి చాపి ప్రార్థన చేసేది. సిపాయి కొడుకు సరిహద్దులో చనిపోయాక ప్రతి ఆదివారం చర్చిలో లేచి ఒకటే మాట.

"అవతల దేశంలో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల కోసం కూడా ప్రార్థన చెయ్యండి. ఈ యుద్ధం ఎవరికీ వద్దు."

ఎవరో దాన్ని వీడియో తీసి అందరి ఫోన్లకూ పంపారు. సత్తెనపల్లి టీకొట్ల దగ్గర కొందరు "పాపం, కడుపుకోత" అన్నారు. చాలామంది దేశద్రోహి అన్నారు. ఒకరోజు పొద్దున్నే ఆమె వాకిట్లో రాళ్ళు పడి ఉన్నాయి.

ఆ ఆదివారం పాస్టరుగారే బతిమాలారు. "ఈ వారానికి ఊరుకోమ్మా, నీకు దండం పెడతా."

"అరిచేవాళ్ళని అరవనీండి అయ్యగారూ. నాకు నిద్రలో ఆ తల్లి ఏడుపే వినపడతంది."

లేచి చేతులు చాపింది. బయట మోటారు సైకిళ్ళు వచ్చి ఆగాయి. కొందరు కుర్రాళ్ళు ఫోన్లు ఎత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ప్రార్థన అయిపోయింది. ఎవ్వరూ ఆమేన్ అనలేదు.

అప్పటికి మా తమ్ముడు కూడా సరిహద్దులోనే ఉన్నాడు. పక్కన కూర్చున్న మా అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఆమేన్" అంది గట్టిగా.

గుమ్మంలో ఫోన్లన్నీ మా అమ్మ వైపు తిరిగాయి.