దూది మామయ్య

సత్తెనపల్లి చుట్టుపక్కల కారున్న ఇళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టగలిగే ఆ రోజుల్లో, కారు చెడితే మెకానిక్కుకు కబురుపెట్టడం చేతకానితనం కింద లెక్క. పంపుసెట్టు విప్పినవాడికి కారెంత అని మా బావ ధీమా. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే కాబట్టి, ఆమె పెళ్ళయ్యాక నేనూ బావ ఇంటికే చేరాను (సారె సామానుతో పాటు వచ్చానని బావ నలుగురిలో అనేవాడు. నేను మరిచిపోలేదు).

బావ గుంటూరులో ఒక పాత కారు కొన్నాడు. అక్కకు ఒకటే కోరిక, అందులో కూర్చుని అమరావతి వెళ్ళాలని. ప్రయాణం సోమవారమనగా శనివారం నుంచి కారు పొగ కక్కడం మొదలుపెట్టింది. ఆదివారం పొద్దున్నే ఇద్దరం గోనెపట్టాలు పరుచుకుని దాని కిందకి దూరాం. ఇంజను అడుగున ఉండే నూనె తొట్టి ఊడదీస్తే లోపల వేలెడు మందాన మడ్డి, పాత ఆముదం కుండ అడుగులా. కిరసనాయిలు పోసి గీకి గీకి కడిగాం. తుడవడానికి గుడ్డ కావాలన్నాను. కొట్టునిండా పత్తి పెట్టుకుని మంచి గుడ్డ పాడుచేస్తావేంరా అని బావ బుట్టెడు పత్తి తెచ్చి నా ముందు పెట్టాడు. (తెచ్చింది బావ. పాఠకులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.) గింజలు ఏరేసి, ఆ దూదితో మూలమూలలా తుడిచాను. తొట్టిలో నా ముఖం కనిపించింది. అంటుకున్న దూది పోగులు మాత్రం కనిపించలేదు.

సోమవారం అక్క పట్టుచీర కట్టుకుని, పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊరి చివర మిరపకాయలు ఆరబోసిన కల్లాల దాకా వెళ్ళామో లేదో, కారు కీచుమంది, ఇంజను పట్టేసింది. అక్క గిన్నె పట్టుకుని, కల్లాల్లో అందరూ చూస్తుండగా ఇంటికి నడిచింది. మేము కారుకు ఎడ్లు కట్టి సత్తెనపల్లి చేర్చాం. అక్కడి మెకానిక్కు సాయిబుగారు, నూనె పీల్చే జల్లెడలోంచి నల్లటి దూదిని వత్తిలా లాగుతూ లాగుతూ, "ఇది ఇంజనాండీ, పరుపా?" అన్నారు.

ఇంటికి రాగానే బావ, మీ తమ్ముడు ఇంజన్లో దూది కుక్కాడని అక్కతో చెప్పాడు. బుట్ట మాట ఎత్తలేదు. నేను ఎత్తబోతే అక్క చీర మడతపెడుతూ, "పోనీలేరా, నా రాత," అంది. తిట్టినా బాగుండేది. కారు తుక్కు కింద పోయింది. తర్వాత అక్క అమరావతి బస్సులో వెళ్ళింది, నన్ను రమ్మనలేదు. అక్క పిల్లలు నన్ను దూది మామయ్య అన్నారు, వాళ్ళ పిల్లలకూ అదే నేర్పారు.

నేను వేరే ఊరు చేరాక కూడా, ఏళ్ళ తరబడి ఏ పెళ్ళిలో కలిసినా బావను ఆ బుట్ట గురించే నిలదీసేవాణ్ణి. నవ్వేసేవాడు. చివరికి ఆయన మంచాన పడ్డాక చూడబోయి, ఒంట్లో ఎలా ఉందని అడగాల్సింది పోయి మళ్ళీ అదే అడిగాను.

"నేనే తెచ్చానురా," అన్నాడు, నీరసంగా.

"కాస్త గట్టిగా చెప్పు బావా. వంటింట్లో అక్కకు వినపడాలి."

పాపం, ఉన్న ఓపికంతా కూడదీసుకుని, కారు తుడవడానికి పత్తి తెచ్చింది తనేనని చెప్పాడు. అక్క గుమ్మంలోకి వచ్చి మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది. అప్పటికే ఆమెకు చాలా సంగతులు జ్ఞాపకం ఉండటం లేదు.

"మనకు కారుందా?" అంది.

బావ నావైపు చూసి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ నెల దాటకుండానే పోయాడు.

ఇప్పుడు అక్క దీపానికి వత్తులు చేస్తుంటే, పక్కన కూర్చుని పత్తిలో గింజలు ఏరిపెడుతుంటాను. ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నావురా అని రోజూ అడుగుతుంది. మీ ఇంట్లోనే అంటాను. (బుట్ట తెచ్చింది మాత్రం బావే.)