మరాఠీ గిరాకీ ముందు తెలుగు గుట్టు

నోరు ఊరుకోక మా అక్క పెళ్లి సంబంధాన్ని నేను ఎలా గంగలో కలపబోయానో చెబుతాను. మీరు నవ్వుకోండి, ఫరవాలేదు. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టవుతుంది.

నాందేడ్‌లో మాది చీరల దుకాణం. కొనడానికి వచ్చే గిరాకీతో మరాఠీ, మాలో మేము తెలుగు. ఏ చీర ధర ఎంతవరకు దిగవచ్చో గిరాకీ ముక్కు ముందే తెలుగులో తేల్చుకుంటాం. పుట్టినప్పటి నుంచి ఇదే అలవాటై, తెలుగులో మాట్లాడటమంటే తలుపులు మూసుకుని మాట్లాడటమేనని నా నమ్మకం.

అప్పట్లో దుకాణం టీవీలో ఒక సీరియల్ వచ్చేది. ఒక సినిమా నటి ఫోన్లోని సొంత మాటలు ఎవరో బయటపెట్టి ఆమె పరువు తీశారు. నిజంగా జరిగిన ఆ గొడవనే కథగా తీశారు. కాలేజీలో చదివే నేను మధ్యాహ్నం అయ్యేసరికి ఆమె తరఫు వకీలునైపోయేదాన్ని.

ఒకరోజు మరాఠీ వాళ్లలా తొమ్మిది గజాల చీర కట్టుకున్న పెద్దామె వచ్చి, ఆకుపచ్చ చీరలు చూపించమని మరాఠీలో అడిగింది. వదిన పరుస్తోంది. నేను మడతలు పెడుతూ టీవీ చూసి మండిపడ్డాను.

"ఒక ఆడిపిల్ల సంగతి గిట్ల బజార్ల పెడ్తరా? జర సిగ్గుండాలె."

"నీకెందుకే, మడత పెట్టు," అంది వదిన.

"ఎందుకేంది వదినా? మన అక్క సంగతి మనం ఎవలకన్న జెప్తున్నమా? ఎంగేజ్‌మెంట్ అయినంక ఆ నిజామాబాద్ పిలగాడు ఫోన్ పాస్‌వర్డ్ జెప్పుమని సతాయిస్తే అక్కనే ఆ పెండ్లి వద్దన్నది. రేపు ఆదివారం కర్ఖేలి ఊరోళ్లు పిల్లను సూడనీకి అస్తున్నరు. ఆళ్లకు తెల్వనిస్తమా?"

"జర మెల్లగ."

"మెల్లగెందుకు? ఈమెకేం సమజైతది?"

అక్కడితో ఆగానా? అక్క పేరు, అవతలి వాళ్లు చేసిన రభస, అక్క ఏడ్చిన ఏడుపు, అన్నీ దండోరా వేశాను.

పెద్దామె చేతిలోని చీర పక్కన పెట్టింది. "మంచిగ సమజైంది బిడ్డా. మాది కర్ఖేలే. ఆదివారం అందరితోని అచ్చెకన్న ముందుగాల, మనుషులెట్లుంటరో సూసి పోదామని అచ్చిన."

వదిన ముఖం తెల్లబోయింది. నా మూలంగా అక్క సంబంధం చెడిపోయిందని నిజంగా భయపడ్డాను. "తప్పు నాది పెద్దమ్మా, మా అక్కది కాదు," అని ఏడ్చేశాను.

"ఆ పిల్ల జేసింది మంచి పనే. నా కొడుకు గట్ల అడిగితే నేనే ఆని ఫోన్ నేలకు గొడుత. గీ ముచ్చట నేను ఇన్లే. జెప్పాలనిపిస్తే ఆ పిల్లనే జెప్తది," అని ఆకుపచ్చ చీర పొట్లం కట్టించుకుని వెళ్లిపోయింది.

ఆ ఆదివారమే సంబంధం కుదిరింది. కానీ అంతకు ముందే, పెద్దామె వచ్చి వెళ్లిన సాయంత్రం, దుకాణానికి వచ్చిన అక్కకు వదిన అంతా చెప్పేసింది. నేను ఎంత బతిమాలినా అక్క ముఖం తిప్పుకుంది. చివరికి అంది:

"నీకన్న టీవీ ఓళ్లు నయం. ఆళ్లు ఆమె పేరన్న మార్చిండ్రు. నువ్వు నా పేరుతోని సుత జెప్తివి."

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. వెంటనే దుకాణం గల్లాపెట్టె మీద చెయ్యి వేసి, ఇక ఈ జన్మలో ఎవరి గుట్టూ పేరుతో సహా చెప్పనని ఒట్టు పెట్టుకున్నాను. నమ్మకపోతే మొదటి నుంచి మళ్లీ చదువుకోండి. ఇంత చెప్పినా అక్క పేరు ఎక్కడా రానివ్వలేదు.